రామనగరంలో పాత ఇల్లు: రోజూ రైలెక్కేది ఎవరు?

ప్రశ్న

బెంగళూరు రామమూర్తినగర్ నుంచి ఒక పాఠకురాలు, పేరు వెయ్యవద్దన్న మనవితో, సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె వయసు ముప్పై ఏడు. ఎం.జి. రోడ్డు దగ్గర ఒక బ్యాంకు కార్యాలయంలో ఉద్యోగం, వారానికి ఐదు రోజులూ వెళ్లక తప్పదు. భర్త వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తారు. ఆయన నెలకు మూడు నాలుగుసార్లు ఆఫీసుకు వెళ్తే చాలు, మిగిలిన పనంతా ఇంటి నుంచే. మూడో తరగతి చదివే పాప ఉంది. డెబ్బై దాటిన మామగారు కూడా వీరితోనే ఉంటున్నారు. ఆయన పలమనేరు దగ్గరి పల్లెలో మల్బరీ తోట వేసి, పట్టుపురుగులు పెంచి, గూళ్లను బెంగళూరు–మైసూరు దారిలోని రామనగరం మార్కెట్టుకు తెచ్చి అమ్మిన రైతు. అత్తగారు పోయిన తరువాత పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చారు. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. మూడో అంతస్తులోని ఫ్లాటులో ఆయనకు పొద్దుపోవడం లేదు.

ఈ మధ్య భర్తకు రామనగరంలో, అర్కావతి నదికి రెండు వీధుల ఇవతల, కొయ్యస్తంభాలూ వీధి అరుగూ ఉన్న పాత ఇల్లు ఒకటి అమ్మకానికి కనిపించింది. బెంగళూరులో ఫ్లాటుకు పెట్టే డబ్బులో సగానికే వస్తుంది. మామగారి ముఖంలో వెలుగు వచ్చింది. దసరా లోపల బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకోవాలని ఇంటివారు తొందరపెడుతున్నారు. "ఇప్పుడది కూడా బెంగళూరే కదా, స్కూటర్ మీద చల్లఘట్ట మెట్రో దాకా నేనే దింపుతాను" అని భర్త అంటున్నారు. పాఠకురాలు ఇలా ముగించారు: "వద్దంటే పెద్దాయన కోరికకు అడ్డుపడిన కోడలినవుతాను. సరేనంటే ప్రయాణం కాస్త ఎక్కువవుతుంది. ఊరు నాకూ నచ్చింది, అసలు ఇబ్బంది అదే. నేనేం చెయ్యాలి?"

సమాధానం

అమ్మా, మీ ఉత్తరంలో ఊరి గురించీ, ఇంటి గురించీ, మామగారి గురించీ పేజీలకొద్దీ ఉంది. మీ దినచర్య గురించి మాత్రం చివర రెండు మూడు వాక్యాలే ఉన్నాయి. నేను ముందుగా వాటినే పట్టుకుంటాను. ఈ ఇల్లు కొంటే మీ నలుగురిలో ఎవరి రోజు ఎంత మారుతుందో ఒకసారి చూడండి. మీవారికి పనిచేసే గది మారుతుంది. మామగారికి వీధి అరుగు దొరుకుతుంది. పాపకు బడి మారుతుంది, కానీ పిల్లలు రెండు నెలల్లో సర్దుకుంటారు. తెల్లవారకముందే లేచి, చీకటి పడ్డాక ఇల్లు చేరవలసినది మీరొక్కరే. ఈ సంగతి మీ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ పైకి అన్నట్టు లేదు. మీరు కూడా "ప్రయాణం కాస్త ఎక్కువవుతుంది" అని ఊరుకున్నారు. మీవారు కావాలని దాచారని నేననుకోను. ఇంట్లో కూర్చుని పనిచేసే మనిషికి దూరమంటే ఫోన్ మ్యాపులో కనిపించే నిమిషాలే కదా.

ఆ నిమిషాలను సరిగ్గా లెక్కవేద్దాం. రామనగరం నుంచి బెంగళూరు సిటీ స్టేషన్‌కు రైలు దారి సుమారు 45 కిలోమీటర్లు. జంట లైను, కరెంటు లైను కాబట్టి ఎక్స్‌ప్రెస్ రైళ్లు గంటలోపే చేరుస్తాయి. మెమూ అయితే బిడది, హెజ్జాల, కెంగేరి, జ్ఞానభారతి, నాయండహళ్లి అంటూ ఆగి ఆగి వస్తుంది. సిటీ స్టేషన్ పక్కనే పర్పుల్ లైన్ మెట్రో ఉంది, అక్కడి నుంచి ఎం.జి. రోడ్డు ఐదో స్టేషన్. కాగితం మీద ఇది చక్కని ప్రయాణం. సీజన్ టికెట్టు కొనుక్కుంటే ఖర్చు కూడా తక్కువే. అయితే ఇంటి నుంచి స్టేషన్‌కు చేరడం, రైలు తప్పకుండా ఉండేందుకు పది నిమిషాలు ముందే వెళ్లడం, ఊరి పొలిమేరలో సిగ్నల్ కోసం రైలు ఆగడం, మెట్రో దాకా నడక, అక్కడ భద్రతా తనిఖీ వరుస, ఇవన్నీ కలుపుకుంటే గడప నుంచి ఆఫీసు కుర్చీ దాకా గంటా నలభై ఐదు నిమిషాలకు తక్కువ వేసుకోకండి. ఇప్పుడు మీరు బెన్నిగానహళ్లిలో మెట్రో ఎక్కి ఆటోతో కలిపి నలభై నిమిషాల్లో చేరుతున్నారు. అంటే రోజుకు రెండు గంటలకు పైగా అదనం. మైసూరు నుంచి పొద్దున వచ్చే చాముండి ఎక్స్‌ప్రెస్‌ను ఆ దారిలో ఉద్యోగుల రైలుగానే చూస్తారు. మండ్య, మద్దూరు, చన్నపట్టణ జనం ఎక్కిన తరువాత రామనగరంలో సీటు దొరికే రోజులు తక్కువనే అనుకోండి. సాయంత్రం మీ మేనేజరు మరో అరగంట కూర్చోమంటే ఆలస్యం అరగంటతో ఆగదు. తరువాతి రైలు ఎప్పుడుంటే అప్పుడే ప్రయాణం.

స్కూటర్ ఆలోచన మాత్రం మానుకోండి. బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్ రహదారి ప్రధాన మార్గంలోకి 2023 ఆగస్టు 1 నుంచి ద్విచక్ర వాహనాలనూ ఆటోలనూ అనుమతించడం లేదు. చల్లఘట్ట దాకా సర్వీసు రోడ్డు మీద సుమారు ముప్పై కిలోమీటర్లు, లారీల మధ్య, రోజూ రెండు పూటలా వెళ్లడమన్నది ఉత్సాహంలో అన్న మాటే తప్ప ఏర్పాటు కాదు. కారులో అయితే కుదురుతుంది, టోలూ పెట్రోలూ మీ ఇంటి లెక్కలో రాసుకోవాలి. చల్లఘట్టలో మెట్రో ఎక్కితే మారకుండా ఎం.జి. రోడ్డు చేరవచ్చు, సీటు కూడా దొరుకుతుంది. మీ ఆధార్‌లో కర్ణాటక చిరునామా ఉంటే ఆడవారికి ఉచిత ప్రయాణమిచ్చే శక్తి పథకం కింద ఆర్.టి.సి. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో డబ్బు కట్టకుండానే వెళ్లవచ్చు. కానీ రామనగరం బైపాస్ వచ్చాక మైసూరు బస్సుల్లో చాలా వరకు ఊళ్లోకి రాకుండానే పోతాయి. ఊళ్లో ఆగే బస్సులేవో అక్కడే అడిగి తెలుసుకోవాలి.

"ఇప్పుడది కూడా బెంగళూరే" అన్న మాటకు వస్తే, ఆ ఊరికి పేర్లు మారడం కొత్త కాదు. టిప్పు కాలంలో శంషేరాబాద్, ఆ తరువాత బారీ క్లోజ్ అనే ఆంగ్లేయ అధికారి పేరు మీద క్లోజ్‌పేట, స్వాతంత్ర్యం వచ్చాక, ముఖ్యమంత్రిగా చేసిన కెంగల్ హనుమంతయ్య గారి చొరవతో రామనగరం. 2007లో జిల్లా కేంద్రమైంది. 2025లో ఆ జిల్లాకే బెంగళూరు దక్షిణ జిల్లా అని పేరు పెట్టారు. బోర్డు మారిందని రైలు పది నిమిషాలు ముందు చేరదు. అదే సంవత్సరం బిడది ప్రాంతంలో పెద్ద టౌన్‌షిప్ కోసం భూసేకరణ ప్రకటన వచ్చింది, రైతుల ఆందోళనలూ మొదలయ్యాయి, మెట్రోను బిడది దాకా తెస్తారన్న మాట కూడా వినిపిస్తోంది. ఇల్లు అమ్మేవారు ఇవన్నీ కలిపి ధర చెబుతారు. రేపు రాబోయే మెట్రోకు ఈ రోజు డబ్బు కట్టకండి.

ఇక మామగారి విషయం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. రామనగరం పట్టుగూళ్ల మార్కెట్టు ఆసియాలోనే పెద్దదని పేరు. కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు రైతులు రాత్రికి రాత్రే గూళ్లు తెచ్చి, తెల్లవారేసరికి తమ లాట్ల దగ్గర నిలబడతారు. ఆయన గుర్తుపెట్టుకున్నది ఆ హడావుడినీ, కేకల వేలంపాటనూ, పాట ముగిశాక చేతికొచ్చిన నోట్లనూ, తోటి రైతులతో తాగిన కాఫీనీ కావచ్చు. ఇప్పుడు అక్కడ వేలం కంప్యూటర్ ద్వారా జరుగుతుంది, తూకం ఎలక్ట్రానిక్ కాటా మీద, డబ్బు బ్యాంకు ఖాతాకు. రైతుకు మేలు చేసిన మార్పే ఇది. కానీ అక్కడ పనిలేకుండా కూర్చునే ముసలాయనకు ఇదివరకటి సందడి దొరకదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన ఆ ఊరికి ఎప్పుడు వచ్చినా చేతిలో సరుకుతో వచ్చారు, పట్టుదారం తీసే రీలర్లు పది మంది ఆయన గూళ్లను నలిపి చూసి ధర కట్టారు. సరుకు లేకుండా, ఎవరి నాన్నగానో, అదే మార్కెట్టు గేటు ముందు నిలబడితే ఎలా ఉంటుందో ఆయనకు ఇంకా తెలియదు. అది బాగానే ఉండవచ్చు. పలమనేరు వైపు మనిషికి కన్నడం కొత్త కాదు, మాట కలిపే గుణం ఉంటే వారం రోజుల్లో నలుగురు స్నేహితులవుతారు. అయితే ఇల్లు కొనే ముందే ఆ సంగతి తేల్చుకోవచ్చు. రెండు మూడుసార్లు పొద్దున్నే రైల్లో తీసుకెళ్లి, మధ్యాహ్నం దాకా ఆయన్ను ఆయన మానానికి వదిలిపెట్టి, తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఏం మాట్లాడతారో వినండి. వెళ్లాలని మళ్లీ ఆయనే అడిగితే అదొక జవాబు. "బాగుంది, కానీ మనవాళ్లెవరూ కనబడలేదు" అంటే అది ఇంకో జవాబు.

ఆయనకు నిజంగా కావలసినది రామనగరమేనా అన్నది కూడా నాకు అనుమానమే. మెట్లు దిగకుండా వీధిలోకి రాగలిగే ఇల్లు, పలకరించే పక్కింటివాళ్లు, నాలుగు మొక్కలు పెట్టుకునే జాగా దొరికితే ఆయన బాధ చాలావరకు తీరుతుందేమో. అది కెంగేరిలోనూ దొరుకుతుంది, వెతికితే మీ రామమూర్తినగర్‌లో కింది అంతస్తు అద్దె ఇంటిలోనూ దొరుకుతుంది. స్టెంట్ వేసిన మనిషి కాబట్టి ఆస్పత్రి సంగతి కూడా ఆలోచించాలి. రామనగరంలో జిల్లా ఆస్పత్రి ఉంది. మైసూరు రోడ్డులో కెంగేరి దాటాక రాజరాజేశ్వరి వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే మొదట ఎక్కడికి వెళ్లాలో ఆయన గుండె డాక్టరునే అడిగి, ఆ జవాబు విన్న తరువాత ఇంటి సంగతి మాట్లాడుకోండి.

నది గురించి మీరు ఎంతో ఇష్టంగా రాశారు. అర్కావతి నంది కొండల్లో పుట్టి, ఒకప్పుడు బెంగళూరుకే నీళ్లిచ్చిన నది. 1894లో హెసరఘట్ట, 1933లో తిప్పగొండనహళ్లి జలాశయాలు కట్టింది ఈ నది మీదే. రామనగరానికి ఎగువన మంచనబెలె జలాశయం ఉంది. ఇన్ని అడ్డుకట్టలు దాటి, పైనున్న చెరువులూ కాలువలూ పూడిపోయిన తరువాత, ఊళ్లోకి చేరేసరికి చాలా నెలలు దానిలో ప్రవహించేది ఊరి మురుగే. మీరు చూసింది వానలు పడిన తరువాత అని మీ ఉత్తరంలోని తేదీలు చెబుతున్నాయి. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం అదే వీధిలో నిలబడి చూడండి, వాసనా దోమలూ ఎంతున్నాయో తెలుస్తుంది. వాసన అన్నాను కాబట్టి ఇంకొకటి: పట్టుదారం తీసే ఇళ్లలో గూళ్లు ఉడికిస్తారు, ఆ ఉడికిన పురుగు వాసన గాలివాటాన వీధులకు వస్తుంది. మామగారికి అది అలవాటైన వాసనే, మీకూ పాపకూ అలా ఉండకపోవచ్చు.

నీళ్లు లేని నదే కదా, ప్రమాదం లేదనుకోకండి. 2022 ఆగస్టు చివరి వారంలో కుండపోత వానలకు రామనగరం చుట్టుపక్కల చెరువులు నిండి పొర్లాయి, ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి, కొత్తగా వేసిన ఎక్స్‌ప్రెస్ రహదారి కూడా మునిగి బస్సులు నిలిచిపోయాయి. నదికి రెండు వీధుల ఇవతల ఉన్న ఇంటికి ఆ రాత్రి నీళ్లు ఎంతవరకు వచ్చాయో అమ్మేవారిని అడగకండి. ఎదురింటివారిని, వీధి చివర కిరాణా కొట్టువారిని అడగండి. గోడ కింది భాగానికి ఈ మధ్యనే సున్నమో రంగో కొత్తగా పూసి ఉంటే ఎందుకో కనుక్కోండి.

పాప బడి గురించి మీరు పడుతున్న భయం నాకు అంత పెద్దదిగా కనిపించలేదు. కన్నడం కర్ణాటక బడుల్లో ఎలాగూ తప్పనిసరి, 2015 చట్టం తరువాత అది దశలవారీగా అన్ని బోర్డులకూ వచ్చింది, మీ పాప ఇప్పటికే చదువుతోంది. మీరు కోల్పోయేది తెలుగు వినిపించే వీధి. ఆ లోటును ఇంట్లో తాతయ్య కొంత తీరుస్తారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, కొనకుండా అక్కడే ఒక ఏడాది అద్దెకు ఉండడం. వేసవి, వానాకాలం రెండూ అందులో రావాలి, పాప బడి కోసం జూన్‌లో మొదలుపెట్టాలి. దీనివల్ల ఈ ఇల్లు చేజారిపోవచ్చు, అద్దె డబ్బు తిరిగి రాదు, ఏడాది తరువాత వెనక్కి రావలసివస్తే పాప రెండుసార్లు బడి మారుతుంది. బదులుగా మీ ప్రయాణం గురించి ఊహలు పోయి అనుభవం మిగులుతుంది. అది కూడా ఎక్కువనిపిస్తే, ఇప్పుడే రెండు వారాలు మీవారిని ఆ పని చెయ్యమనండి. పొద్దున రామనగరం చేరి, మీరు ఎక్కవలసిన రైలే ఎక్కి ఎం.జి. రోడ్డుకు వచ్చి, సాయంత్రం మళ్లీ అదే దారిలో వెళ్లిరావాలి. ఇది శిక్ష కాదు. ఇల్లు కొనేవారు నీళ్ల పంపు తిప్పి చూసినట్టే ఇదీ ఒక పరీక్ష.

రెండో దారి, కెంగేరి, రాజరాజేశ్వరినగర్ వైపు మారడం. పర్పుల్ లైన్ మీద మీకు ఎం.జి. రోడ్డూ, మీవారికి వైట్‌ఫీల్డూ ఒకే మెట్రోలో దొరుకుతాయి. రామనగరం కూడా రైల్లో దగ్గరే కాబట్టి మామగారు కావాలనుకున్నప్పుడు వెళ్లి రావచ్చు. కొయ్యస్తంభాల ఇల్లు రాదు, ధర కూడా రామనగరం ధర కాదు. అందరికీ సగం సగమే నెరవేరే ఏర్పాటు ఇది. ఎవరికీ పూర్తిగా నచ్చకపోవచ్చు, ఎవరి నడుమూ విరగదు.

మూడో దారి, ఇల్లు కొని పెట్టుకుని, ఇప్పటికి ఇక్కడే ఉండి, శని ఆదివారాలు అక్కడికి వెళ్లడం. మీవారు బహుశా దీనికి వెంటనే ఒప్పుకుంటారు. నేను మాత్రం తొందరపడి సరేననను. తాళం వేసిన పాత ఇల్లు చెదలకూ తేమకూ వదిలినట్టే. అప్పు వాయిదా ఒకవైపు, ఇక్కడి అద్దె ఒకవైపు కట్టాలి. కొన్నాళ్లకు "నేనక్కడ ఒక్కణ్ణే ఉంటాను" అని మామగారు అంటారు, ఆ రోజు మీ ఇద్దరిలో ఎవరికీ నిద్ర పట్టదు.

నాలుగోది, వెళ్లడానికే నిర్ణయించుకుని, ఉద్యోగం వైపు సర్దుకోవడం. మైసూరు రోడ్డు, బిడది, రామనగరం వైపు మీ బ్యాంకు శాఖలు ఉంటే బదిలీ అడగవచ్చు. అయితే శాఖ పనికీ మీరిప్పుడు చేసే పనికీ పదోన్నతి అవకాశాల్లో తేడా ఉంటుందేమో మీకే తెలియాలి. బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చాకే ఇంటి కాగితం మీద సంతకం పెట్టండి. బదిలీ లేకుండానే వెళ్తే మాత్రం, మీరు బయలుదేరిన తరువాత పాపను లేపి, తినిపించి, బడికి పంపి, సాయంత్రం హోంవర్కు చూసి, రాత్రి వంట చేసే బాధ్యత మీవారిదేనని ముందే స్పష్టంగా మాట్లాడుకోవాలి. ఇంటి నుంచి పనిచేసే సౌకర్యం ఆయన సంస్థ ఒక ఈమెయిల్‌తో ఎత్తివేయగలదన్నది కూడా ఆ మాటల్లోకి రావాలి. అలా జరిగితే రామనగరం నుంచి వైట్‌ఫీల్డ్‌కు ఆయన వెళ్లివచ్చే దూరం మీ దూరం కన్నా ఎక్కువ.

వద్దనే హక్కు కూడా మీకుంది, అది అయిదో దారి. మామగారి ముందు "నాకు ఇష్టం లేదు" అన్న మాటగా కాకుండా, "రోజుకు మూడున్నర గంటల ప్రయాణం నావల్ల కాదు" అని లెక్కతో చెప్పండి. గూళ్ల మూటలతో అంత దూరం వెళ్లివచ్చి, ఆ శ్రమ ఏమిటో ఎరిగిన మనిషి ఆయన. కొడుకు కన్నా ఆయనకే ముందు అర్థం కావచ్చు. ఆయన పేరు చెప్పి మీవారు తన కోరికనే ముందు పెడుతున్నారేమో కూడా ఆ సంభాషణలోనే తెలుస్తుంది. పాత ఇల్లు కోరుకోవడం తప్పేమీ కాదు, కాకపోతే దాన్ని ఆయన తన కోరికగానే అడగాలి.

నన్నడిగితే, నేను మొదటి దారికీ రెండో దారికీ మధ్య ఊగుతున్నాను. పెద్దాయన రామనగరం నుంచి ఉత్సాహంగా తిరిగివస్తే మొదటిది, లేకపోతే రెండోది.

ఏ దారి పట్టినా దసరా గడువుకు లొంగి బయానా ఇవ్వకండి. ముందు నగరసభ ఇ-ఖాతా, అంటే ఆస్తి యజమాని పేరు చూపే కంప్యూటర్ రికార్డు, ఎవరి పేరు మీద ఉందో చూడండి. అది లేకుండా ఇప్పుడు రిజిస్ట్రేషనూ జరగదు, బ్యాంకు అప్పూ పుట్టదు, ఇది మీ వృత్తి కాబట్టి నాకన్నా మీకే బాగా తెలుసు. ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే ఇ.సి. (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ముప్పై ఏళ్లకు తీయించండి. అలాంటి పాత ఇళ్లు సాధారణంగా ఉమ్మడి ఆస్తులే అయి ఉంటాయి కాబట్టి, పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలతో సహా వారసులందరూ సంతకం చేస్తారో లేదో స్థానిక వకీలు చేత విచారించండి. నది వైపు హద్దునూ, రోడ్డు వెడల్పు చేసే ప్రతిపాదన ఏదైనా ఉందేమో దానినీ సర్వే నక్షాతో సరిచూడండి. ఇంటివారు నిజంగా అమ్మదలచుకుంటే ఈ కాగితాలు చూపడానికి వారం రోజులు చాలు. మరొకరు కొనేస్తారని బెదిరిస్తే, కొననివ్వండి. రామనగరం పాత వీధుల్లో అమ్మకానికి వచ్చే ఆఖరి ఇల్లు అదే కాదు.